సింహద్వారంలో బీరువా

ఎవరైనా ప్రశ్న అడిగితే వేదవతిగారు వెంటనే జవాబు చెప్పరు. బెండకాయలు కొనేవాళ్ళు చివర విరిచి చూసినట్టు, ఆ ప్రశ్న లేతదో ముదురుదో ముందు చూస్తారు. ముదురుదైతే పక్కన పడేస్తారు. ఇది నీ ప్రశ్న కాదు, ఊళ్ళోవాళ్ళది, ఎవరి దగ్గర తెచ్చావో వాళ్ళకే ఇచ్చేసి రా అంటారు. ఏలూరులో ఒక డాబా కింది వాటాలో ఆవిడ నడిపే స్త్రీల సహాయ కేంద్రానికి పని నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట పడ్డవాళ్ళే. పడి, కొన్నాళ్ళు ముఖం ముడుచుకుని, మళ్ళీ వచ్చి చాప మీద కూర్చున్నవాళ్ళే ఆవిడకి శిష్యురాళ్ళుగా మిగిలారు.

హిమజ అలా మిగిలినవాళ్ళలో ఒకతి. న్యాయశాస్త్రం చదివింది. నోరు చురుకు, మనసు మంచిది, వయసు చిన్నది. ఈ మూడూ ఒకచోట చేరితే మనిషి తీర్పులు తొందరగా ఇస్తుంది. ఆ సాయంత్రం ఆమె మోసుకొచ్చిన ప్రశ్న పక్క పేటలో చనిపోయిన మాధురి అనే బ్యాంకు ఉద్యోగిని గురించి. మొగుడు కొట్టిన దెబ్బలు చీర చెంగు కింద కప్పుకుని, కౌంటరు దగ్గర అందరి పనీ నవ్వుతూ చేసిపెట్టిన మనిషి మాధురి. మేడమెట్ల మీంచి జారి పడిందన్నారు. జారిందో, ఎవరైనా తోశారో, ఇరుగుపొరుగువాళ్ళని కలిసి వాకబు చేసి రావలసిన పని కేంద్రం తరఫున హిమజ మీద పడింది. మర్నాడే వెళ్ళాలి. వెళ్ళకముందే ఆమెకి చనిపోయినావిడ మీద కోపం వచ్చేసింది. చనిపోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. వాళ్ళు తిరిగి ఒక మాట అనరు.

"చదువుంది, జీతం ఉంది, గోడకి అవతల మనుషులున్నారు. ఒక్కరికి ఒక్కమాట చెప్పుంటే బతికిపోయేది కదమ్మా. ఎందుకు చెప్పలేదంటారు?" అని అడిగింది.

వేదవతిగారు ఆ ప్రశ్నని విరిచి చూశారు. ముదురుదే. అయినా ఎందుకో ఆ పూట పక్కన పడెయ్యలేదు. నువ్వెప్పుడైనా ఇల్లు మారావా అని అడిగారు. హాస్టలు గదులు మారాననీ, ట్రంకుపెట్టె, పరుపుచుట్ట తప్ప తనకి సామానంటూ ఏనాడూ లేదనీ హిమజ చెప్పింది. అయితే బీరువాల సంగతి నీకు తెలియదన్నమాట అన్నారావిడ, తెలియకపోవడం ఒక అదృష్టమన్నట్టు. తర్వాత, ఒకప్పుడు ఒక పేరంటాలి నోట తను విన్న సంగతి, ఎదురుగా ఉన్న మనిషికి కాక గోడకి చెబుతున్నట్టు చెప్పుకొచ్చారు. చేతుల్లో ఫోన్లు లేని రోజుల మాట అది.

గోదావరి కాలవ పక్కన ఒక చిన్న పట్నం. అక్కడ కోటిలింగంగారని, తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి హెడ్డుగుమాస్తాగా దిగిన పెద్దమనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరివాళ్ళ స్థలాలకి హద్దులు చూసి, దిగిపోయాక తనకంటూ ఊరి చివర ఒక ఇల్లు కట్టించాడు. గోడలు లేపింది తాపీవాళ్ళే గానీ ఇల్లు కట్టింది మాత్రం సిద్ధాంతి. వచ్చినప్పుడల్లా ఆయన ఏదో ఒక గోడ కదిపేవాడు. వాస్తు లెక్కలో ఆయం కుదరాలని సింహద్వారాన్ని రెండు పక్కలా కుదించాడు. పెరటి తలుపు దక్షిణానికి పడిందనీ, దక్షిణపు తలుపు యజమాని ఆయుష్షు తింటుందనీ చెప్పి దాన్ని ఇటుకలతో మూయించేశాడు. యజమాని అంటే కోటిలింగంగారు. ఆ ఇంట్లో ఆయన భార్య భ్రమరాంబ, కొడుకు జగదీశ్, కోడలు హేమలత కూడా ఉన్నారు గానీ, వాళ్ళ ఆయుష్షుకి తలుపు ఏ దిక్కున ఉండాలో శాస్త్రంలో ఎక్కడా రాసి లేదు కాబోలు. పెరటి తలుపు మూసేస్తే పొయ్యిలో బూడిద పారబొయ్యడానికి కూడా సింహద్వారంలోంచే రావాలి కదండీ అని హేమలత ఒకసారి అంది. అందరూ నవ్వారు. కోడలు తెలివితక్కువ మాట అంటే నవ్వడం, తెలివైన మాట అంటే మరికాస్త గట్టిగా నవ్వడం ఆ ఇంటి మర్యాద.

ఆ ఇంటికి ఒక బీరువా ఉంది. కోటిలింగంగారి తాత బర్మా టేకుతో చేయించింది. నెత్తిన కిరీటం, కిరీటంలో చెక్కిన చిలకలు, సంసారాన్నంతా దాచుకోగల కడుపు. అన్నదమ్ముల పంపకాల్లో తోట ఒకరికీ కొట్లు ఒకరికీ పోతే, ఈయన మాత్రం బీరువా నాకు చాలన్నాడు. వంశం తన దగ్గరే ఉన్నట్టు లెక్క. పాత ఇంటిని కొనుక్కున్నవాళ్ళు లాడ్జి కట్టుకోవడానికి ఎలాగూ పడగొట్టేస్తున్నారు గనక, బీరువాని బయటికి తీసేటప్పుడు గుమ్మం గొడవే రాలేదు. గోడ పడేసి తీశారు. అందువల్ల అది ఏ గుమ్మంలో పడుతుందో, ఏ గుమ్మంలో పట్టదో కొలిచి చూసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఊరందరి హద్దులూ కొలిచిన మనిషి తన గుమ్మం కొలవలేదు.

శ్రావణమాసంలో ముహూర్తం. ముసురు పట్టి ద్వారబంధం కొత్త చెక్క నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. ముందు ఆవుని లోపలికి నడిపించారు. ఆవు సూరిబాబు అనే పాడివాడిది. తల్లి గడప దాటింది గానీ దూడ దాటనని మొరాయించి బయటే ఉండిపోయింది. ఆవు ఇల్లంతా తిరిగింది, పసుపు కుంకుమలు పెట్టించుకుంది, అరటిపళ్ళు తింది. ఇక తోలుకుపోతానని సూరిబాబు తాడు పట్టుకుంటే పేరంటాళ్ళు ఒప్పుకోలేదు. కొత్తింట్లో ఆవు పేడ వేసిందాకా ఉంచాలట, వేస్తే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందట. ఆ ఆవేమో పొద్దున్నే ఆ పని ఇంటిదగ్గర కానిచ్చుకుని మరీ వచ్చింది. దాన్ని హాల్లో కిటికీ ఊచలకి కట్టేసి, పెద్ద పెద్ద కుటుంబాల ఆడవాళ్ళందరూ పట్టుచీరల్లో నిలబడి దాని తోక వంక భక్తిగా చూస్తూ ఉండిపోయారు.

ఇక్కడ హిమజ పకపకా నవ్వింది. వేదవతిగారు ఆమెని నవ్వనిచ్చారు. నవ్వు పూర్తయ్యేదాకా ఆగి మళ్ళీ అందుకున్నారు.

హేమలత వంటింట్లో ఉంది. పాలు పొంగించడం అయింది, పొంగిన పాలతో పరమాన్నం వండాలి. ఆ పరమాన్నం దించేదాకా పొయ్యి దగ్గర్నించి కదలకూడదని అత్తగారు చెప్పింది. హేమలతకి అప్పుడు మూడో నెల. ఆ సంగతి జగదీశ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉండగా గృహప్రవేశం పనికిరాదని వాళ్ళ పట్టింపు. చెబితే ముహూర్తం పురుడయ్యేదాకా వాయిదా పడుతుంది. నాన్న ముఖం చూడలేను, గృహప్రవేశం కానీ, మర్నాడు చెబుదాం అన్నాడతను. ఆ తెల్లవారుజామున తలంటు పోసుకుని వస్తూ, కడుపులో ఒక పక్క ఏదో పొడుస్తున్నట్టుందని ఆమె అతనితో అంది. చలికి అయుంటుందని అతను చెప్పాడు. అతను వేదాంతి కాడు, వైద్యుడూ కాడు, ఒట్టి మంచివాడు. ఆడవాళ్ళని పాడె ఎక్కించడంలో మంచివాళ్ళ చెయ్యి చెడ్డవాళ్ళ చేతికంటే తక్కువేమీ కాదని వేదవతిగారు కథ మధ్యలో అన్నారు గానీ, దాని మీద నిలవలేదు.

వర్జ్యం దగ్గర పడుతుండగా బీరువా వ్యాన్లో వచ్చింది. వర్జ్యం రాకముందే వంశలక్ష్మి ఇంట్లో అడుగుపెట్టాలి. పురోహితుడు, చుట్టాలు, పేరంటాళ్ళు, హారతిపళ్ళెంతో భ్రమరాంబ, అందరూ ఎదురు రావడానికి బయటికి వచ్చారు. లోపల మిగిలింది పొయ్యి ముందు కోడలు, కిటికీ దగ్గర ఆవు. మోతమనుషుల మేస్త్రి గుమ్మాన్నీ బీరువానీ మార్చి మార్చి చూసి, పడుకోబెట్టి కాళ్ళు ముందుకు పెట్టి మెలితిప్పి తీసుకెళ్తే గానీ దూరదన్నాడు. కోటిలింగంగారి ముఖం నల్లబడింది.

"పడుకోబెట్టి, కాళ్ళు ముందుకు పెట్టి, నలుగురు మోసుకెళ్ళేది దేన్నో నీకు తెలీదట్రా? శుభమా అని నా ఇంట్లోకి పాడె తెస్తావా?"

అందువల్ల నిలబెట్టే తెచ్చారు. నిలబెడితే కిరీటం ద్వారబంధం పైకమ్మికి తగిలింది. కాస్త తల వంచమన్నారు. తల లోపలికి వంచి తోశారు. చిలకలు దూరాయి, భుజాలు దూరాయి, కడుపు దూరేవేళకి మరీ పడుకుంటోందని ఆయన కేకేశాడు. దాంతో ముందువాళ్ళు ఎత్తారు, వెనకవాళ్ళు తోశారు. ఎత్తిన కిరీటం లోపలివైపు పైకమ్మికి వెనక కొక్కెంలా పట్టుకుంది, అడుగు గడపకి దిగబడింది, పక్కలు ఉబ్బిన చెక్కలో మేకు దిగినట్టు దిగాయి. వేలు దూరే సందు లేదు. మేస్త్రి వెనక్కి లాగుదామన్నాడు. ఇంట్లోకి తల పెట్టిన లక్ష్మిని వెనక్కి లాగుతారా అని ఈసారి ఒక్క కోటిలింగంగారే కాదు, అందరూ అన్నారు. అందుకని ఇంకా తోశారు. లోపల ఉన్న ముగ్గురు మోతమనుషులు ఎలా వస్తారని ఎవరో అడిగితే, వాళ్ళు కిరీటం పట్టుకోగానే, అడుగు గడపకి దిగబడకముందే కాళ్ళ సందున పాకి వచ్చేశారని తేలింది. అప్పుడే వాళ్ళని రమ్మని మేస్త్రి పేరు పేరునా పిలిచాడట. కోడల్ని ఎవరూ పిలవలేదు. పరమాన్నం ఇంకా దించలేదు కదా.

ఇంతలో వర్జ్యం వచ్చేసింది. వర్జ్యంలో ద్వారబంధం మీద ఇనుము పడకూడదని పురోహితుడు చెప్పాడు. బీరువా కొయ్యడానికి వీల్లేదు, అది తాతగారిది. ద్వారబంధం కదపడానికి వీల్లేదు, దానికి పొద్దున్నే పసుపు రాసి పూజ చేశారు. వర్జ్యం వెళ్ళాక సిద్ధాంతిని పిలిపించి, ఆయన ఏది కొయ్యమంటే అది కోద్దామని నిర్ణయం చేసి పందిట్లో కూర్చున్నారు. కూర్చున్నాక ఉప్మా వడ్డించారు. వ్రతం చేసే దంపతులు ఉపవాసం గనక జగదీశ్ తినలేదు. అత్తగారూ తినలేదు, పాపం, కాఫీ తాగింది.

హేమలత కిటికీ దగ్గరికి వచ్చింది. ఊచల మీద ఒక చెయ్యి, డొక్క మీద ఒక చెయ్యి వేసుకుని నిలబడింది. ఆ కిటికీకి ఇవతల పందిరి. పందిట్లో పాతికమందికి తక్కువ లేరు. ఆమె ముందు మొగుణ్ణి పిలిచింది. పొద్దున చెప్పిన నొప్పి ఎక్కువైందని చెప్పింది. అతను వెనక్కి తిరిగి తండ్రి వంక చూసుకుని, గొంతు తగ్గించి, వర్జ్యం వెళ్ళనీ అన్నాడు. కాసేపయ్యాక అత్తగారిని పిలిచి కళ్ళు తిరుగుతున్నాయంది. పొద్దుటినించీ పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు కదే, తిరగవూ అని అత్తగారు జాలిపడి, ఊచల సందులోంచి గ్లాసుతో నీళ్ళిచ్చింది. వ్రతానికి తప్పులేదా అని పురోహితుణ్ణి అడిగి మరీ ఇచ్చింది. ఎదురింటావిడ ఎవరో, ఏమ్మా అలా చెమట్లు పోస్తున్నాయి అంటే, నన్ను బయటికి తీయించండి పిన్నిగారూ అంది హేమలత. ఎదురింటావిడ ఈ మాట మగవాళ్ళకి చేరవేసింది. మగవాళ్ళలో ఒక హాస్యగాడున్నాడు. అమ్మాయికి అప్పుడే కొత్తిల్లు విసుగొచ్చిందే అన్నాడు. కోటిలింగంగారు కూడా నవ్వాడు. తర్వాత గంభీరంగా, ఇంటి కోడలు లోపల ఉండటమే మంచి శకునం, అందరం బయటుంటే ఇల్లు పాడుబెట్టినట్టు అవుతుందన్నాడు. ఆ మాట అందరికీ బాగుందనిపించింది. పురోహితుడు శ్లోకం కూడా చదివాడు.

హిమజ నవ్వడం ఎక్కడ ఆపిందో ఆమెకే తెలియదు. కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

దూడకి ఆకలేసింది. బయటి గుంజ దగ్గర అది అరవడం మొదలుపెట్టింది. దాని అరుపు విని లోపల తల్లి గింజుకుంది. గింజుకున్నకొద్దీ తాడు ఊచలకి చుట్టుకుని మెడకి బిగిసింది. ఆవు మోకాళ్ళ మీద పడింది. నాలిక బయటికి వచ్చింది. అప్పుడు పందిట్లో ఒక్కరు కూర్చోలేదు. ఉప్మా ఆకులు తొక్కుకుంటూ కిటికీ మీద పడ్డారు. కొత్తింట్లో గోహత్య. ఏడు తరాలకి పోదు. తాడు బయటివాళ్ళ చేతికి అందడం లేదు, ముడి లోపలివైపు పడింది. అమ్మా హేమలతా, తాడు విప్పు తల్లీ, తొందరగా అని మామగారు పిలిచారు. పెళ్ళయ్యాక ఆయన ఆమెని పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

హేమలత అప్పటికి నేల మీద ఉంది. కిటికీ కింద, గోడకి ఆనుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని. పైన నిలబడ్డవాళ్ళకి ఆమె పాపిడి మాత్రమే కనిపించింది. ఆ పాపిడి కదిలింది. ఆమె పాక్కుంటూ వెళ్ళి, ఆవు కొమ్ములు విసురుతుంటే తల తప్పించుకుంటూ, పళ్ళతో ముడి లాగి విప్పింది. పేరంటాళ్ళు గోవిందా అన్నారు. విప్పడం అయ్యాక ఆమె మళ్ళీ గోడ దగ్గరికి పాకలేదు. అక్కడే, ఆవు కాళ్ళ పక్కనే ఉండిపోయింది. నడుం వాల్చిందనుకున్నారు.

విడిపడ్డ ఆవు దూడ అరుపు వినిపించిన వైపుకి పరిగెత్తింది. అటు బీరువా ఉంది. దాన్ని కొమ్ములతో పొడిచింది. ఒక కొమ్ము మొదట్లో చిట్లి నెత్తురు కారింది. గచ్చు మీద ముగ్గులో నెత్తురు చుక్కలు పడుతుంటే సూరిబాబు బయట తల బాదుకుని ఏడ్చాడు. కోటిలింగంగారు గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. వర్జ్యం గురించి పురోహితుణ్ణి అడగలేదు. సిద్ధాంతి కోసం చూడలేదు. పసుపు రాసిన ద్వారబంధానికి ఒక దండం పెట్టి, పగలగొట్టండిరా అన్నాడు. మేస్త్రి గునపం తీసుకుని పక్కకమ్మిలో పొడిచి ఊడబెరికాడు. ఎంతసేపు పట్టిందనుకున్నావు? ఒక తమలపాకు చిలక నమిలి ఊసేంత సేపు. కమ్మి ఊడగానే బీరువా దానంతట అదే ఒక పక్కకి ఒరిగింది. కిరీటంలో ఒక చిలక ముక్కు విరగడం తప్ప దానికి ఏమీ కాలేదు.

ఆవు బయటికి వచ్చింది. దూడ పొదుగు అందుకుంది. ఆడవాళ్ళు ఆవు కొమ్ముకి పసుపు అద్దారు, ఒకరు వీపు నిమిరారు, ఒకరు బెల్లం పెట్టారు, మరొకరు గోమాత మనసులో ఏమీ పెట్టుకోకూడదని దణ్ణం పెట్టారు. పరమాన్నం మాడిన వాసన వచ్చేదాకా లోపలికి ఎవరూ వెళ్ళలేదు. ఆ వాసనకి భ్రమరాంబ విసుక్కుంటూ వెళ్ళింది. వెళ్ళిన మనిషి కేక వెయ్యలేదట. గుమ్మం దాకా వచ్చి, ఏవండీ, పిల్ల ఒళ్ళు చల్లగా ఉందండీ అని మామూలు గొంతుతో అందట. అసలు జరిగిందేమిటో బుర్రకి ఎక్కకుండా మాట్లాడేవాళ్ళ గొంతు అది.

బీరువా తెచ్చిన వ్యాన్లోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. దారిలో పోయింది. గర్భం ఉండాల్సిన చోట కాక పక్కన నిలిచి, అక్కడ పగిలి, నెత్తురంతా లోపల్లోపలే పోయిందన్నారు డాక్టర్లు. గర్భమేమిటి అని కోటిలింగంగారు తెల్లబోయాడు. భ్రమరాంబ కొడుకు వంక చూసింది. జగదీశ్ తనకీ తెలియదన్నాడు. ఆ ఒక్క అబద్ధంతో అతను ముహూర్తం తప్పుని కూడా చనిపోయినావిడ ఖాతాకే మార్చేశాడు. దాచిందన్నమాట, మహాతల్లి, కడుపుతో ఉండి కూడా దాచి గృహప్రవేశంలో కాలు పెట్టింది, ఆవుకి అలా జరిగిందంటే జరగదూ అని పదోరోజు వచ్చిన చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. హేమలత తల్లి ఒక మూల కూర్చుని వింది. వియ్యపురాలిని ఓదార్చడానికి భ్రమరాంబ పక్కన చేరి, ఆవిడ చెయ్యి పట్టుకుని నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూ ఆవిడ అన్న మాటే ఆ పేరంటాలు మరిచిపోలేక వేదవతిగారికి చెప్పిన మాట.

"నోట్లో నాలిక లేని పిల్లండీ వదినగారూ. అంతమందిమి గుమ్మంలోనే ఉన్నాం. ఒక్కమాట చెప్పుంటే చూస్తూ ఊరుకుంటామా?"

ఆ మాట అన్నప్పుడు ఆవిడ అబద్ధమాడటం లేదట. అదే పేరంటాలిని ఎక్కువగా భయపెట్టిందట.

వేదవతిగారు చెప్పడం ఆపేశారు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. జగదీశ్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడా అని హిమజ అడగబోయి, దానికి జవాబు తనకే తెలుసు గనక మానేసింది. ఆ అమ్మకి ఎవరూ చెప్పలేదా, మీ అమ్మాయి చెప్పిందని, అందరికీ చెప్పిందని, అని అడగబోయింది. దానికీ జవాబు తెలుసు. పొద్దుటినించీ తను మాధురిని తిడుతూ ఎవరెవరితో ఏమన్నదో ఒక్కొక్కటీ గుర్తొచ్చి, చెవులు వేడెక్కాయి. మాధురి ఒకసారి ఈ కేంద్రానికి వచ్చి, ఇక్కడ కుట్టుపని నేర్పుతారా అని అడిగి, జవాబు విన్నాక కూడా చాలాసేపు బెంచీ మీద కూర్చుని వెళ్ళిన సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు జవాబు చెప్పింది తనే. నేర్పమండీ, ఇది అలాంటి చోటు కాదండీ అని ఎంతో మర్యాదగా చెప్పింది.

ఆమె లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. రేపు ఎన్నింటికి బయల్దేరాలని అడిగింది. పెందలాడే వెళ్ళమన్నారు వేదవతిగారు, పాలు పోయించుకోవడానికి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చే వేళకి. హిమజ చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి మళ్ళీ పిలిచారు.

"ఆవిడ ఎందుకు చెప్పలేదని ఎవర్నీ అడక్కు. ఏమేం చెప్పిందో అడుగు."